ఒకే రోడ్డు మీద మూడు రేసులు: లె మాన్స్‌లో గెలిచింది ఎవరు?

2025 జూన్‌లో ఒక ఆదివారం రాత్రి ఏడున్నర. హన్మకొండలో మా ఇంట్లో టీవీ ముందు నేను, కాజీపేట నుంచి వచ్చిన మా చిన్నాయన. ఫ్రాన్స్‌లో అప్పుడు సాయంత్రం నాలుగు. సరిగ్గా 24 గంటల కింద మొదలైన లె మాన్స్ రేసు అప్పుడే ముగిసింది. 83 నంబరు పసుపు ఫెరారీ గెలిచిందన్నారు. కాసేపటికి 43 నంబరు కారు కూడా గెలిచిందన్నారు. ఆ వెంటనే 92 నంబరు పోర్షే వాళ్లు కూడా కప్పు ఎత్తి సంబరాలు చేసుకుంటున్నారు.

"ఏందిరా ఇది? గెలిచినోడు ఒక్కడుంటడు గని ముగ్గురుంటరా?" అని అడిగాడు చిన్నాయన. ముప్పై ఏళ్లకు పైగా రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. ముందొచ్చిన బండి ముందొచ్చినట్టే లెక్క ఆయనకు.

నవంబరులో ఈ చిక్కు ఇంకా పెరిగింది. లె మాన్స్ కూడా ఒక రేసుగా ఉండే ప్రపంచ ఛాంపియన్‌షిప్ సీజన్ బహ్రెయిన్‌లో ముగిశాక, ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్లంటూ 51 నంబరు ఎర్ర ఫెరారీ డ్రైవర్లను ప్రకటించారు. అది లె మాన్స్ గెలిచిన కారు కాదు.

మన రాష్ట్రంలో చాలామందికి కారు రేసంటే 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ గుర్తుకొస్తుంది. అందులో కార్లన్నీ ఒకే రకం, కాబట్టి జెండా ముందు దాటినవాడే విజేత. స్పోర్ట్స్ కార్ల ఎండ్యూరెన్స్ రేసు అలా ఉండదు. అందులో ఒక రేసు లోపల ఇంకో రేసు నడుస్తుంది. ఆ పొరలు ఒక్కొక్కటే విప్పి చెప్పే ప్రయత్నం ఇది.

బండలాగుడు పోటీ తెలిస్తే సగం తెలిసినట్టే

ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఈ రేసు తేలిగ్గా అర్థమవుతుంది. మేళ్లచెరువు శివరాత్రి జాతరలోనో, మరో చోటనో జరిగే ఆ పోటీల్లో గమ్యం ఉండదు, సమయం ఉంటుంది. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత బండను ఎక్కువ దూరం లాగితే ఆ జతదే బహుమతి. పైగా ఎడ్లన్నిటినీ ఒకే గాటన కట్టరు. పళ్లను బట్టి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్ అని విభాగాలు పెడతారు. ఏ విభాగం బండ దానిదే, ఏ విభాగం బహుమతి దానిదే.

ఎండ్యూరెన్స్ రేసు కూడా అంతే. ఆరు గంటలో, ఎనిమిది గంటలో, 24 గంటలో పెట్టి, ఆ సమయంలో ఏ కారు ఎక్కువ దూరం పోతే దాన్ని విజేత అంటారు. అందుకే లె మాన్స్ విజేత తిరిగే ల్యాప్‌లు, అంటే చుట్లు, ఏటా మారుతుంటాయి. 2023లో 342, 2024లో 311, 2025లో 387. 2024లో కార్లు నెమ్మదించి కాదు, రాత్రి వాన పడి, ప్రమాదం లేకుండా అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు వెనక నాలుగు గంటలకు పైగా బారులుగా తిరగాల్సి వచ్చింది కాబట్టి తగ్గాయి. 387 ల్యాప్‌లంటే 5,270 కిలోమీటర్ల పైమాటే. కాజీపేట నుంచి ఢిల్లీ పోయి, తిరిగొచ్చి, మళ్లీ ఢిల్లీ పోయినా ఇంకా దూరం మిగులుతుంది.

ఒక పెద్ద తేడా మాత్రం ఉంది. బండలాగుడులో ఒక జత తర్వాత ఇంకో జత వస్తుంది, ఒక విభాగం అయ్యాక ఇంకో విభాగం. ఇక్కడ అన్ని విభాగాల కార్లనూ ఒకేసారి ఒకే రోడ్డు మీదికి వదులుతారు. చిక్కంతా అక్కడే, అందమంతా కూడా అక్కడే.

ఏ కారు ఏ క్లాస్

2025 లె మాన్స్‌లో మొత్తం 62 కార్లు బయల్దేరాయి. వాటిలో 21 హైపర్‌కార్లు, 17 ఎల్‌ఎంపీ2 కార్లు, 24 ఎల్‌ఎంజీటీ3 కార్లు.

హైపర్‌కార్ అన్నిటికంటే పై క్లాస్. రేసు కోసమే పుట్టిన బండి. 2025లో ఫెరారీ, టొయోటా, పోర్షే, క్యాడిలాక్, బీఎండబ్ల్యూ లాంటి కంపెనీలు ఇందులో తలపడ్డాయి. ఈ ఒక్క క్లాస్‌లోనే రెండు రకాల తయారీ నిబంధనలు ఉన్నాయి. మొదటిది ఎల్‌ఎంహెచ్. ఇందులో కారును కంపెనీ మొదటి నట్టు నుంచి సొంతంగా కట్టుకోవచ్చు. ఫెరారీ, టొయోటా, ప్యూజో ఈ దారిలో వచ్చాయి. రెండోది ఎల్‌ఎండీహెచ్. ఇందులో అనుమతి ఉన్న నాలుగు సంస్థల్లో ఒకదాని దగ్గర చాసిస్ (కారు అస్థిపంజరం) కొనాలి, హైబ్రిడ్ మోటారు, బ్యాటరీ, గేర్‌బాక్స్ అందరికీ ఒకటే. ఇంజన్, కారు రూపం మాత్రం కంపెనీవి. ఖర్చు తక్కువ. పోర్షే, క్యాడిలాక్, బీఎండబ్ల్యూ, ఆల్పీన్ ఈ దారి పట్టాయి. రెండు దారులూ ఎందుకంటే, అమెరికాలో జరిగే ఐఎంఎస్ఏ ఛాంపియన్‌షిప్‌లోనూ, ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోనూ ఒకే కారుతో పోటీ చేసే వీలుండాలని ఇద్దరు నిర్వాహకులూ ఒప్పందానికి వచ్చారు.

ఎల్‌ఎంపీ2 కూడా రేసు కోసమే కట్టిన కారు. కాకపోతే కంపెనీల పోటీ కాదు, ప్రైవేటు టీమ్‌ల పోటీ. అందరిదీ ఒకే గిబ్సన్ వీ8 ఇంజన్, దాదాపు అందరిదీ ఒకే ఒరెకా చాసిస్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ మిగతా రేసుల్లో ఈ క్లాస్ 2024 నుంచి లేదు, లె మాన్స్‌కు మాత్రం వస్తుంది.

ఎల్‌ఎంజీటీ3 కార్లను చూస్తే మనిషికి దగ్గరగా అనిపిస్తాయి. పోర్షే 911, ఫెరారీ 296, ఫోర్డ్ మస్టాంగ్, కార్వెట్, బీఎండబ్ల్యూ ఎం4. షోరూమ్‌లో కొనుక్కునే బండికి రేసు రూపం అన్నమాట. నా ఇష్టం ఎప్పుడూ వీటివైపే. రోడ్డు మీద పోయే కారు పోలికలు ఉంటాయి కాబట్టి, రేసు ఎప్పుడూ చూడనివాళ్లు కూడా చటుక్కున గుర్తుపడతారు.

ఏ క్లాస్‌కు ఆ క్లాస్ విజేత వేరు. అన్నిటికంటే ముందున్న కారు మొత్తం రేసుకు విజేత. మామూలుగా అది హైపర్‌కారే అవుతుంది. మామూలుగా అనడానికి కారణం ఉంది. 2017లో అప్పటి పై క్లాస్ అయిన ఎల్‌ఎంపీ1 కార్లు ఒక్కొక్కటే చెడిపోతూ వచ్చాయి. చివరి గంటల్లో ఒక ఎల్‌ఎంపీ2 కారు మొత్తం రేసుకే ముందుంది! చిట్టచివరికి ఒక పోర్షే దాన్ని దాటింది. ఆ చిన్న కారు తన క్లాస్ గెలిచి, మొత్తంగా రెండో స్థానంలో నిలిచింది. ఎండ్యూరెన్స్ రేసులో ముందు కావాల్సింది చివరిదాకా నిలబడటం, వేగం ఆ తర్వాతే.

ప్రతి 28 నిమిషాలకు ఒకసారి

లె మాన్స్ సర్క్యూట్ పొడవు 13.626 కిలోమీటర్లు. కాజీపేట జంక్షన్ నుంచి హన్మకొండ చౌరస్తా మీదుగా వరంగల్ కోట దాకా వస్తే సుమారుగా అంత దూరం. అందులో ఎక్కువ భాగం మిగతా రోజుల్లో మామూలు జనం తిరిగే రోడ్డే.

చిన్న లెక్క చేద్దాం. హైపర్‌కార్ ఒక ల్యాప్‌ను 3 నిమిషాల 30 సెకన్లలో, జీటీ3 కారు 4 నిమిషాల్లో పూర్తి చేస్తుందనుకుందాం. నిజం దీనికి దగ్గరగానే ఉంటుంది. అంటే ఒకదానికి 210 సెకన్లు, ఇంకోదానికి 240 సెకన్లు. 1,680 సెకన్లలో హైపర్‌కార్ 8 చుట్లు తిరిగితే జీటీ3 కారు 7 చుట్లు తిరుగుతుంది. 1,680 సెకన్లంటే 28 నిమిషాలు. కాబట్టి ఒక హైపర్‌కార్ ప్రతి 28 నిమిషాలకు ఒకసారి ఒక్కో జీటీ3 కారును ఒక చుట్టు తేడాతో దాటిపోతుంది.

ఇప్పుడు జీటీ3 డ్రైవర్ సీట్లో కూర్చుని చూడండి. దాటిపోయే హైపర్‌కార్లు 21 ఉన్నాయి. 1,680ని 21తో భాగిస్తే 80. సగటున ప్రతి 80 సెకన్లకు ఒక హైపర్‌కార్ అద్దంలో కనిపించి, పక్కనుంచి దూసుకుపోతుంది. పగలైనా, అర్ధరాత్రైనా, వానైనా. అటు హైపర్‌కార్ డ్రైవర్‌కు 24 జీటీ3 కార్లు అడ్డొస్తాయి కాబట్టి ప్రతి 70 సెకన్లకు ఒకదాన్ని దాటాలి. మధ్యలో ఎల్‌ఎంపీ2 కార్లను లెక్కే వేయలేదు.

ఈ లెక్క విన్న చిన్నాయన వెంటనే తన రైల్వే భాషలోకి వచ్చేశాడు. "మరి గూడ్సును లూపుల పెట్టి ఎక్స్‌ప్రెస్‌ను పంపినట్టు, ఆ చిన్న బండ్లు పక్కకు జరగవా?"

జరగవు. ఫార్ములా 1లో ఒక చుట్టు వెనకబడ్డ కారు నీలి జెండా చూడగానే దారి ఇచ్చి తీరాలి. ఇక్కడ నీలి జెండా చూపిస్తారు, కానీ అది 'వెనక వేగమైన కారు వస్తోంది' అని చెప్పే సమాచారం మాత్రమే. ఆ జీటీ3 కారు కూడా తన క్లాస్‌లో మొదటి స్థానం కోసం పోరాడుతుండవచ్చు. దాని రేసు దానిది. అది చేయాల్సిందల్లా తన దారిలో తాను స్థిరంగా పోవడం, ఉన్నట్టుండి అటూ ఇటూ తిప్పకపోవడం. జాగ్రత్తగా దాటే బాధ్యత వేగమైన కారుది. కాజీపేట స్టేషన్‌లో లూప్ లైన్ ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, స్టేషన్ మాస్టర్ ఉంటాడు. ఇక్కడ ఆ మూడు పనులూ ఇద్దరు డ్రైవర్లే క్షణంలో చేసుకోవాలి.

తప్పితే ఎంత తప్పుతుందో 2011లో కనిపించింది. ఆడి మూడు కార్లు దింపింది. రెండు కార్లు జీటీ క్లాస్ ఫెరారీలను దాటే ప్రయత్నంలో తగిలి, నుజ్జునుజ్జయ్యాయి. ఒకటి మొదటి గంటలో, ఇంకొకటి రాత్రి. డ్రైవర్లిద్దరూ బతికి బయటపడ్డారు. మిగిలిన ఒక్క ఆడి 24 గంటల తర్వాత 14 సెకన్లలోపు తేడాతో రేసు గెలిచింది. రద్దీలో ఒక్క చోట ఒక అర సెకను ఆగాలా, దూరాలా అనే నిర్ణయమే రేసును తేల్చేస్తుందని అనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

డ్రైవర్లకూ గ్రేడులు

ఒక కారుకు ముగ్గురు డ్రైవర్లు. లె మాన్స్‌లో ఏ ఒక్కరూ ఏ ఆరు గంటల్లోనూ నాలుగు గంటలకు మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. ఈ నిబంధన చిన్నాయనకు బాగా నచ్చింది. రన్నింగ్ డ్యూటీ గంటల కోసం ఎంత కొట్లాట ఉంటుందో ఆయనకు తెలుసు.

అసలు మెలిక గ్రేడుల్లో ఉంది. అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్ఐఏ ప్రతి డ్రైవర్‌కు వయసు, గతంలో సాధించిన ఫలితాలను బట్టి ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని గ్రేడు ఇస్తుంది. హైపర్‌కార్‌లో బ్రాంజ్ డ్రైవర్లకు చోటు లేదు. ఎల్‌ఎంజీటీ3లో మాత్రం ప్రతి కారులో కనీసం ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలి, అతను నిర్ణీత సమయం నడపాలి. రేసులో ఎవరు ఎక్కడి నుంచి బయల్దేరాలో తేల్చే క్వాలిఫయింగ్ మొదటి దశ కూడా బ్రాంజ్ డ్రైవర్ చేతిలోనే ఉంటుంది.

బ్రాంజ్ అంటే ఎక్కువగా వేరే వ్యాపారమో, ఉద్యోగమో చేసుకుంటూ ఇష్టంతో రేసుకు వచ్చేవాళ్లు. చాలాసార్లు టీమ్ ఖర్చులో పెద్ద వాటా వాళ్లదే. అమెరికాలో కార్ల డీలర్‌షిప్‌లు నడిపే బెన్ కీటింగ్ 2022, 2023లలో అప్పటి జీటీఈ యామ్ (ఔత్సాహికులు ఉండే జీటీ కార్ల) క్లాస్‌లో వరుసగా ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. బెల్జియంకు చెందిన బ్రాంజ్ డ్రైవర్ సారా బోవీ 2023 బహ్రెయిన్ రేసులో రాహెల్ ఫ్రై, మిషెల్ గాటింగ్‌తో కలిసి అదే క్లాస్ గెలిచింది. ముగ్గురూ మహిళలే ఉన్న జట్టు అది.

జీటీ3లో ఫలితాన్ని ఎక్కువసార్లు తేల్చేది ఈ బ్రాంజ్ డ్రైవరే. ఎలాగో చూద్దాం. రెండు టీమ్‌లు అనుకోండి. మొదటి టీమ్ బ్రాంజ్ డ్రైవర్ తన తోటి నిపుణుడి కంటే ల్యాప్‌కు 2 సెకన్లు నెమ్మది, రెండో టీమ్ బ్రాంజ్ 3 సెకన్లు నెమ్మది. ఇద్దరూ చెరో 60 ల్యాప్‌లు నడిపితే అక్కడే మొదటి టీమ్‌కు 60 సెకన్ల లాభం. రెండో టీమ్ నిపుణులు ల్యాప్‌కు 0.2 సెకను వేగమనుకున్నా, వాళ్లు నడిపే 120 ల్యాప్‌లలో పూడ్చగలిగేది 24 సెకన్లే. ఇంకా 36 సెకన్లు మొదటి టీమే ముందు.

దీని మీద రెండు వాదనలు ఉన్నాయి. 300 కిలోమీటర్ల వేగంతో హైపర్‌కార్లు దూసుకుపోయే రోడ్డు మీద పార్ట్‌టైమ్ డ్రైవర్లు ఎందుకని కొందరు భద్రత వైపు నుంచి అడుగుతారు. 2011 రాత్రి ప్రమాదంలో ఉన్న జీటీ డ్రైవర్ కూడా అలాంటి ఔత్సాహికుడే. ఇంకో పక్షం వాదన ఏమిటంటే, 1923లో ఈ రేసు మొదలైనప్పటి నుంచి ఔత్సాహికులు అందులో భాగం, వాళ్లు లేకపోతే సగం టీమ్‌లకు డబ్బే ఉండదు, రేసు మొదలయ్యే వరుసలో (గ్రిడ్‌లో) సగం ఖాళీ. గ్రేడులు సరిగ్గా ఇవ్వడం లేదన్నది మూడో ఫిర్యాదు. నిజానికి చాలా వేగంగా నడిపే కుర్రాడు సిల్వర్ గ్రేడులో మిగిలిపోతే ఆ టీమ్‌కు పండగే కదా.

అమెరికా ఐఎంఎస్ఏ ఈ విషయాన్ని ఇంకో రకంగా పరిష్కరించింది. అక్కడ జీటీడీ ప్రో, జీటీడీ అని రెండు క్లాసులు ఉన్నాయి. రెండింటిలోనూ కార్లు ఒకటే, తేడా డ్రైవర్ల కూర్పులోనే. అందుకే అచ్చంగా ఒకేలా ఉన్న రెండు కార్లు పక్కపక్కనే పోతూ వేరువేరు రేసుల్లో ఉంటాయి. కొత్తగా చూసేవాళ్లకు అక్కడ తల తిరుగుతుంది. నంబరు పలక రంగు చూడాలి: ప్రోకు ఎరుపు, రెండోదానికి ఆకుపచ్చ.

శుక్రవారం నుంచి ఆదివారం దాకా

మామూలు ఆరు గంటల రేసు వారాంతం ఇలా ఉంటుంది. శుక్రవారం గంటన్నర చొప్పున రెండు ప్రాక్టీసులు. శనివారం ఇంకో గంట ప్రాక్టీసు, ఆ తర్వాత క్లాసుల వారీగా క్వాలిఫయింగ్. ఆదివారం రేసు. క్వాలిఫయింగ్‌లో మొదటి స్థానం, అంటే పోల్, సాధించిన కారుకు ఒక పాయింటు. లె మాన్స్ మాత్రం వారాంతంతో అయ్యేది కాదు, వారమంతా జాతరే.

టీవీలో చూసేటప్పుడు ఎడమ పక్క పట్టికలో మొత్తం స్థానం, క్లాస్‌లో స్థానం వేరువేరుగా ఉంటాయి. జీటీ3 కారు పక్కన 30 అని ఉంటే అది వెనకబడిందని కాదు, క్లాస్‌లో మొదటిదై ఉండవచ్చు. కారు పక్క భాగాన వెలిగే అంకె కూడా క్లాస్‌లో స్థానాన్నే చూపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద గొడవ: బీఓపీ

హైపర్‌కార్ల ఇంజన్లు చూడండి. ఫెరారీది 3 లీటర్ల వీ6 టర్బో. క్యాడిలాక్‌ది 5.5 లీటర్ల వీ8, టర్బో లేదు. ఆస్టన్ మార్టిన్ వాల్కరీది 6.5 లీటర్ల వీ12, అసలు హైబ్రిడ్డే లేదు. ఫెరారీ, టొయోటా హైబ్రిడ్ మోటారు ముందు చక్రాలను తిప్పుతుంది, పోర్షేది వెనక చక్రాలను. ఇంత వేరువేరు బండ్లు ఒకే క్లాస్‌లో ఎలా పోటీపడతాయి?

దానికి పెట్టిన ఏర్పాటే బ్యాలెన్స్ ఆఫ్ పర్ఫార్మెన్స్. అందరూ బీఓపీ అంటారు. ప్రతి కారు మోడల్‌కు కనీస బరువు, గరిష్ఠ పవర్, ఒకసారి నింపుకున్నాక వాడుకోగలిగే శక్తి ఎంతో నిర్వాహకులు ఒక పట్టిక ఇస్తారు. వేగమైన కారుకు బరువు పెరుగుతుంది, లేదా పవర్ తగ్గుతుంది. చక్రాలను తిప్పే షాఫ్టుల మీద సెన్సర్లు పెట్టి, అనుమతికి మించి పవర్ వెళ్తోందేమో కనిపెడతారు. రెండు పళ్ల ఎడ్లకు ఒక బండ, సీనియర్ ఎడ్లకు ఇంకో బండ పెట్టినట్టే ఉందని మీకు అనిపించవచ్చు. కానీ ఇది ఒక అడుగు ముందుకెళ్లింది. ఒకే విభాగం లోపల, ఒక్కో జతకు ఒక్కో బండ అన్నమాట.

ఎందుకు పెట్టారో తెలియాలంటే వెనక్కి పోవాలి. అంతకుముందు ఎల్‌ఎంపీ1 కాలంలో ఎవరి ఇంజనీర్లు గొప్పయితే వాళ్లదే గెలుపు. ఖర్చు ఎక్కడికో పోయింది. ఆడి 2016 చివర్లో, పోర్షే 2017 చివర్లో వెళ్లిపోయాయి. టొయోటా ఒక్కటే పెద్ద కంపెనీగా మిగిలి, 2018 నుంచి 2022 దాకా వరుసగా ఐదుసార్లు లె మాన్స్ గెలిచింది. పోటీదారు లేని గెలుపు ఎవరికి కావాలి? కొత్త నిబంధనలు, వాటితోపాటు బీఓపీ వచ్చాక 2023లో ఫెరారీ, పోర్షే, క్యాడిలాక్ దిగాయి, 2024లో బీఎండబ్ల్యూ, ఆల్పీన్, లంబోర్గినీ, 2025లో ఆస్టన్ మార్టిన్. ఎంత ఖర్చు పెట్టినా పట్టిక దాన్ని సమం చేస్తుందని తెలిస్తే ఖర్చు పెట్టాలనే ఆత్రం తగ్గుతుంది. బీఓపీని సమర్థించేవాళ్ల వాదన ఇదే, ఇందులో బలం ఉంది.

వ్యతిరేకించేవాళ్ల వాదనకు 2023 ఉదాహరణ చాలు. లె మాన్స్ శతాబ్ది సంవత్సరం. రేసుకు కొద్ది రోజుల ముందు పట్టిక మార్చారు. టొయోటాకు 37 కిలోలు, ఫెరారీకి 24, క్యాడిలాక్‌కు 11, పోర్షేకు 3 కిలోల బరువు పెరిగింది. 1973 తర్వాత మొదటిసారి పై క్లాస్‌లో దిగిన ఫెరారీ గెలిచింది, టొయోటా రెండో స్థానంలో వచ్చింది. బరువు పెరిగింది ఫెరారీకి కూడా. అయినా టొయోటా అభిమానుల గుండెల్లో ఆ 13 కిలోల తేడా ఇప్పటికీ మిగిలే ఉంది.

ఆ తేడా చిన్నదేనా? ఊహకు ఒక లెక్క వేద్దాం. పట్టిక వల్ల ఒక కారుకు ల్యాప్‌కు 0.3 సెకను మాత్రమే నష్టం వచ్చిందనుకోండి. కంటికి కనిపించదు. 387 ల్యాప్‌లకు గుణిస్తే 116 సెకన్లు, దాదాపు రెండు నిమిషాలు. 2025 లె మాన్స్‌లో మొదటి కారుకు, రెండో కారుకు మధ్య తేడా 14 సెకన్లు.

అందుకే అనుమానాలు తప్పవు. ముందు రేసుల్లో కావాలనే కాస్త నెమ్మదిగా పోయి, లె మాన్స్‌కు తేలికైన పట్టిక తెచ్చుకుంటున్నారనే ఆరోపణ ఏటా వస్తుంది. దాన్ని శాండ్‌బ్యాగింగ్ అంటారు. ఆరోపణ చేయడం తేలిక, రుజువు చేయడం కష్టం. పైగా బీఓపీ గురించి టీమ్‌లు, డ్రైవర్లు బహిరంగంగా మాట్లాడటాన్ని నిబంధనలే అడ్డుకుంటాయి. ఓడిన డ్రైవర్ మైకు ముందు మాట మింగేసి 'మా దగ్గర ఈరోజు వేగం లేదు' అని ఊరుకుంటాడు. ఇది నాకు సరిగ్గా అనిపించదు. పట్టికను అందరికీ చూపిస్తున్నప్పుడు, దాన్ని బతుకుతెరువుగా మోసేవాళ్ల నోరు ఎందుకు కట్టాలి? నిర్వాహకుల సమాధానం కూడా చెప్పాలి: ప్రతి ఆదివారం పోటీ కంటే పట్టిక మీద ఫిర్యాదులే వార్తలైతే ఆటే మిగలదని వాళ్ల భయం.

ఎల్‌ఎంజీటీ3లో దీనికి తోడు గెలుపు బరువు అని ఇంకొకటి ఉంది. ముందు రేసుల్లో బాగా చేసిన కారు తర్వాతి రేసులో అదనపు బరువు మోయాలి. సీజన్ చివరిదాకా పోటీ బిగువుగా ఉంటుందని కొందరు, బాగా చేసినందుకు శిక్షా అని కొందరు. బీఓపీ కారును సరిచేస్తుంది, ఇది ఫలితాన్ని సరిచేస్తుంది. రెండూ ఒకటి కాదు, కలిపి తిట్టేవాళ్లు ఈ తేడా గమనించరు.

పసుపు కారు గెలిచింది, ఎర్ర కారు ఛాంపియన్ ఎలా అయింది

2025 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఎనిమిది రేసులు: ఖతర్, ఇటలీలో ఇమోలా, బెల్జియంలో స్పా, లె మాన్స్, బ్రెజిల్, అమెరికా, జపాన్, బహ్రెయిన్. ఆరు గంటల రేసు గెలిస్తే 25 పాయింట్లు, రెండో స్థానానికి 18, మూడుకు 15. ఖతర్ లాంటి ఇంకా పొడవైన రేసుకు ఒకటిన్నర రెట్లు, అంటే 38, 27, 23. లె మాన్స్‌కు రెండింతలు: 50, 36, 30. అంటే లె మాన్స్‌లో మూడోవాడు మామూలు రేసు గెలిచినవాడి కంటే ఎక్కువ పాయింట్లు ఇంటికి తీసుకెళ్తాడు. ఒక్క రేసుకు ఇంత బరువా అనే విమర్శ ఉంది. 24 గంటల రేసుకు ఆరు గంటల రేసుతో సమానంగా ఇస్తే న్యాయమా అనే ఎదురు ప్రశ్నా ఉంది.

ఇప్పుడు 51 నంబరు ఫెరారీ లెక్క. ఖతర్‌లో మూడో స్థానం, 23. ఇమోలాలో గెలుపు, 25. స్పాలో గెలుపు, 25. లె మాన్స్‌లో మూడో స్థానం, 30. పోల్ పాయింట్లు కలపకుండానే మొదటి నాలుగు రేసుల్లో 103. రాబర్ట్ కుబిత్సా, యే యీఫే, ఫిల్ హాన్సన్ నడిపిన 83కు ఖతర్‌లో రెండో స్థానానికి 27, లె మాన్స్ గెలిచినందుకు 50. లె మాన్స్ గెలుపు అంత విలువ 51కు ఇమోలా, స్పా రెండూ కలిపి వచ్చేసింది. సీజన్ చివరికి టైటిల్ 51 నడిపిన పియెర్ గ్విడి, కలాడో, జొవినాత్సిలది.

ఇంకో పొర ఉంది. 83 ఫెరారీ కంపెనీ నడిపే కారు కాదు, కొనుక్కుని నడిపే టీమ్‌ది. కాబట్టి అది లె మాన్స్ గెలిచినా ఆ పాయింట్లు ఫెరారీ కంపెనీ ఖాతాలోకి రావు. డ్రైవర్లకు వస్తాయి, ప్రైవేటు టీమ్‌ల కప్పుకు వస్తాయి. కంపెనీల టైటిల్‌కు కంపెనీ పేరుతో దిగిన కార్లే లెక్క. ఆ ఏడాది కంపెనీల టైటిల్ కూడా ఫెరారీదే, కానీ అది 50, 51 నంబర్ల సంపాదన. 50కి కూడా లె మాన్స్‌లో నాలుగో స్థానం వచ్చింది కానీ, తర్వాత తనిఖీలో వెనక రెక్కకు ఉండాల్సిన బోల్టులు కనిపించక అనర్హత వేటు పడింది. ఇక 43 నంబరు ఎల్‌ఎంపీ2 గెలుపు లె మాన్స్ వరకే, ఆ క్లాస్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ పాయింట్లే లేవు. 92 నంబరు పోర్షే మాత్రం లె మాన్స్ కూడా గెలిచి, సీజన్ చివర్లో ఎల్‌ఎంజీటీ3 టైటిల్ కూడా తీసుకుంది.

ఇందులో మనవాళ్ల అడుగు కూడా ఉంది. 2009లో నారాయణ్ కార్తికేయన్ లె మాన్స్ దాకా వెళ్లి, రేసుకు ముందు భుజం గాయంతో ఆగిపోయాడు. 2012లో కరుణ్ చందోక్ దిగి, తన టీమ్‌తో మొత్తంగా ఆరో స్థానంలో ముగించాడు.

ఇదంతా చెప్పేసరికి చిన్నాయన ఒక కాగితం మీద 83, 51, 43, 92 అని రాసుకుని, ఒక్కోదాని పక్కన ఏమేం గెలిచిందో వేసుకున్నాడు. 51 పక్కన రెండు గీతలు గీశాడు. "ఈడు లె మాన్స్‌ల మూడోడు, సాలుకు మొదటోడు," అన్నాడు. తర్వాత 92 దగ్గర ఆగి, "ఈ పోర్షేల బ్రాంజ్ ఎవరు?" అని అడిగాడు. రయన్ హార్డ్‌విక్ అని చెప్పాను. ఆ పేరు కూడా రాసుకున్నాడు.